మోకాలికి జానెడు చోటు

పరుపులు కుట్టే మౌలాబీ గుమ్మంలోకి కారు రావడం అదే మొదటిసారి. అదీ మామూలు కారు కాదు. పర్చూరు మొత్తానికి ఒకే ఒక్క రెండు సీట్ల కారు, ఇంగ్లండులో పుట్టిన ఎర్రటి స్పోర్ట్స్ కారు. ముందు భాగం అంత పొడుగు, మనుషులు కూర్చునే చోటు మాత్రం ఇంతంటే ఇంత. దూది ఏకుతున్న మౌలాబీ విల్లు పక్కన పడేసి, ముక్కుకి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి, తలనిండా దూదితోనే వీధిలోకి పరుగెత్తింది.

కారులోంచి సంజీవరావు దిగాలి. దిగడమంటే ఆయనకి పెద్ద కార్యక్రమం. ముందు తలుపు తీశాడు. తర్వాత కుడికాలిని రెండు చేతులతో పట్టి ఎత్తి, ఎవరిదో కాలైనట్టు బయట పెట్టాడు. దాని వెనక నడుము వచ్చింది, నడుము వెనక తల వచ్చింది. మొత్తం ఆరడుగుల రెండంగుళాల మనిషి బయటపడి, నాలుగడుగులు కుంటి, మౌలాబీ ఇంటి గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"మౌలాబీ, నీతో పని పడిందమ్మా," అన్నాడు.

"నాతోనా? కారుకి పరుపు కుట్టమంటావా ఏంది సంజీవరావన్నా?" అని ఎగతాళిగా నవ్వింది.

"అందుకే కదా వచ్చింది!"

మౌలాబీ నవ్వు ఆగిపోయింది. గుండె మాత్రం ఝల్లుమంది, సంతోషంతోనే. మొగుడు పోయిన నాటి నుంచి విల్లు తనే పట్టి, పెళ్ళిళ్ళకి పరుపులు, బాలింతలకి బొంతలు, ముసలాళ్ళకి దిండ్లు కుడుతోంది. కొత్తగా వచ్చిన రబ్బరు పరుపుల పుణ్యమా అని ఆ పనీ సన్నగిల్లింది. ఇప్పుడు చూడబోతే ఏకంగా కారే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఇవాళ పొద్దున్నే నక్కని తొక్కి ఉంటాననుకుంది.

కారు కథ ఊరందరికీ తెలిసిందే. మిషనాసుపత్రిలో ఏళ్ళ తరబడి వైద్యం చేసిన దొరగారు, తన దేశం వెళ్ళిపోతూ, ఆసుపత్రి జీపు నడిపే సంజీవరావుని పిలిచి ఈ కారు తాళం చేతిలో పెట్టాడు. ఆయన మనసు పెద్దదే, మనిషే పొట్టి. సీటు కింద స్ప్రింగులు, స్ప్రింగుల మీద కొబ్బరిపీచు, వీపు వెనక నాలుగంగుళాల మెత్త, అన్నీ తన కొలతకి చేయించుకున్నాడు. అందులో తాడిచెట్టంత సంజీవరావు కూర్చుంటే మోకాళ్ళు రెండూ స్టీరింగుకి చెరో పక్కన పైకి లేచి నిలబడతాయి. సీటు వెనక్కి జరుపుదామంటే వెనక పెట్రోలు టాంకు ఉంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. కారు ఆయనదే, కానీ ఆ కారులో ఆయన పట్టడు.

ఆరేళ్ళుగా అలాగే ఇరుక్కుని ఊరి చుట్టూ తిప్పుతున్నాడు. పది మైళ్ళు దాటితే కుడికాలు తిమ్మిరెక్కి మొద్దుబారిపోతుంది. పోయిన నెల ఇంకొల్లు దారిలో ఆ మొద్దుబారిన కాలు బ్రేకు మీదికి వెళ్ళేటప్పటికి ఆలస్యమైంది. కారు రోడ్డు దిగి అంకయ్య కల్లంలో ఆరబోసిన మిరపకాయల మధ్యకి పోయి ఆగింది. తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు తలో దిక్కూ పరుగెత్తారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఆ మిరపఘాటుకి సంజీవరావు మాత్రం సాయంత్రం దాకా తుమ్మాడు.

"అప్పటి నుంచీ మీ వదిన ఒకటే పట్టు," అన్నాడు సంజీవరావు గోడకి ఆనుకుని. "ఒంగోలు పొగాకు వ్యాపారి ఎవరో కొంటానన్నాడంట, సోమవారం రమ్మని కబురు చేసేసింది. నేను కాళ్ళా వేళ్ళా పడితే ఒక్క షరతు పెట్టింది. శనివారం నాడు సింగరాయకొండ పోయి రావాలంట. రానూపోనూ నూరు మైళ్ళు. వచ్చాక ఇంటి ముందర నా అంతట నేను దిగి, కుంటకుండా గుమ్మం దాకా నడవాలంట. నడిస్తే కారుంటది. కుంటితే సోమవారం పోద్ది."

"గుంటూరులో మా తమ్ముడు నాగూర్ వలి లేడా? నల్లపాడు రోడ్డులో లారీ సీట్లన్నీ వాడేగా కుట్టేది?"

"పోయానమ్మా. చూసి చేతులెత్తేశాడు. ఇది పొట్టోళ్ళ బండి, అమ్మేసి అంబాసిడరు కొనుక్కోమన్నాడు."

ఆ మాటతో మౌలాబీకి వీరావేశం వచ్చింది. తమ్ముడంటే ప్రాణమే, కానీ ఆ ఫోము కొట్టు పెట్టినప్పటి నుంచి వాడు అక్క విల్లుని చూసి నవ్వుతాడు.

"వాడి వల్ల కాకపోతే నా వల్ల అయ్యుద్ది. సీటు ఊడదీసి లోపల పెట్టన్నా," అంది.

మంగళ, బుధవారాలు మౌలాబీ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. సీటుకి రోగమేమిటో ఆమెకి ముట్టుకోగానే తెలిసిపోయింది. స్ప్రింగులు చచ్చాయి, పీచు రాయైపోయింది. పాపం, ఇంత పెద్దమనిషి రాళ్ళ మీద కూర్చుంటే కాళ్ళు పడిపోక ఏమవుతాయి? పీచంతా పెరికి పారేసింది. సంజీవరావు మార్కెట్ యార్డు దగ్గర కొనితెచ్చిన మేలురకం దూదిని మంచు తునకల్లా ఏకింది. ఏకిందాన్ని సీటులో కూరింది, కూరి కర్రతో కొట్టింది, కొట్టి మళ్ళీ కూరింది. ఎర్ర చారల గుడ్డ వేసి పెద్దసూదితో బిగించి కుట్టింది. గురువారం మధ్యాహ్నానికి ఆ సీటుని చూస్తే ఎవరికైనా కూర్చోబుద్ధి పుట్టేట్టుంది. మౌలాబీ చంకలు గుద్దుకుంది.

సీటు బిగించారు. వీధంతా చేరింది. సంజీవరావు భార్య, ఆసుపత్రిలో నర్సు పని చేసే ఎలీసమ్మ కూడా డ్యూటీ దిగి, తెల్లచీరతో అటే వచ్చింది. సంజీవరావు కారెక్కి కూర్చున్నాడు.

తల టాపుకి కొట్టుకుంది. మెడ వంచాడు. మోకాళ్ళు ఎత్తాడు, అవి స్టీరింగు కింద బిగుసుకుపోయాయి. స్టీరింగు తిప్పబోతే ఆయన మోకాలే అడ్డం. కాలు తీద్దామంటే బయటికి రాదు. పరుపు మీద పెళ్ళికొడుకులా ఎత్తున కూర్చుని, అటూ ఇటూ చూసి, "మెత్తగానే ఉందమ్మా," అన్నాడు పాపం.

వీధి గొల్లుమంది. అందరికన్నా ముందు నవ్వింది ఎలీసమ్మ.

"ఊరేగింపుకి సరిగ్గా సరిపోయావయ్యా. బండి నడపడానికి మాత్రం ఇంకో మనిషిని చూసుకో. ఎల్లుండే శనివారం, గుర్తుందిగా?" అని నవ్వుకుంటూ ఇంటిదారి పట్టింది.

మౌలాబీకి తల కొట్టేసినట్టయింది. నలుగురూ కలిసి సంజీవరావుని బయటికి లాగాక, ఆయన నెమ్మదిగా, "కొంచెం దూది తీసేస్తేనో?" అన్నాడు.

అంతే, మౌలాబీ భగ్గుమంది.

"దూది తియ్యడమా? నేనా? ఎవరనుకున్నావు నన్ను?"

కోపం ఎందుకంటే, దూదేకులోళ్ళ ఇళ్ళలో అంతకన్నా తిట్టు లేదు. గృహస్థు దూది తెస్తాడు, ఆయన కళ్ళముందే తూస్తారు. పరుపు కుట్టాక దాన్నీ ఆయన కళ్ళముందే తూస్తారు. తూకం తగ్గిందా, ఆ ఇంటికి దూదిదొంగ అనే పేరు మూడు తరాలు పోదు. మౌలాబీ అత్త ఖాదర్‌బీ కోడలికి విల్లు చేతికిచ్చిన రోజునే చెప్పింది, పరుపులో దూది తగ్గించిన చెయ్యి పుచ్చిపోతుందని. పాతికేళ్ళుగా మౌలాబీ ఇంకో గుప్పెడు ఎక్కువే వేసింది గాని ఎన్నడూ తగ్గించలేదు. మెత్తదనం కావాలంటే దూది వెయ్యాలి. తీస్తే మెత్తబడుతుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున్నే సంజీవరావు మళ్ళీ వచ్చాడు, ఈసారి నడిచి. ముఖం వాడిపోయి ఉంది.

"వదిలెయ్ మౌలాబీ. నీ తప్పేం లేదు. పోయేదాన్ని పట్టుకుని వేలాడినా ఆగదు," అంటూ, కూర్చోవడానికి ఏమీ కనపడక, గోడవారన ఏకి పోసిన దూదికుప్పలో కూలబడ్డాడు. కాళ్ళు బారచాపాడు, వీపు గోడకి ఆనించాడు. ఆ కారు గురించి చెప్పుకుపోయాడు. వేగం పుంజుకున్నప్పుడు దాని గొంతు ఎలా మారుతుందో, మలుపులో నేలని ఎలా కరుచుకుపోతుందో చెప్పాడు. అరగంట దాటింది. మౌలాబీ టీ పెట్టి ఇచ్చింది. తాగి గ్లాసు కింద పెట్టి, "వస్తానమ్మా," అని లేచి, గడప దాటాడు.

మౌలాబీ గ్లాసు తియ్యబోయి ఆగిపోయింది.

"అన్నా! ఆగు! నువ్వు లేచావు!"

"లేవకపోతే ఎట్టా?"

"గోడ పట్టుకోలా! కాలు చేత్తో ఎత్తలా! కుంటలా!"

సంజీవరావు తన కాళ్ళ వంక తనే వింతగా చూసుకున్నాడు. మౌలాబీ మాత్రం దూదికుప్ప ముందు గొంతుక్కూర్చుంది. ఆయన కూర్చున్న చోటు అచ్చు గుద్దినట్టు ఉంది. పిర్రల కింద రెండు లోతు గుంటలు, నేల దాకా, అక్కడ దూదే మిగల్లేదు. తొడల కింద మాత్రం దూది ఎత్తుగా లేచి, తొడ బరువంతా అదే మోసినట్టుంది. వీపు దగ్గర దూదే లేదు, గోడే ఆనింది.

"దగ్గర దగ్గర నేల మీద కూర్చున్నావు నువ్వు!" అని అరిచింది. "పిర్రల కింద దూది వద్దు నీకు. తొడల కింద కావాలి. దొర సీటు నీ నడుముని ఎత్తేసి తొడల్ని గాల్లో వదిలేసింది. సీటంచు కోసుకుని నెత్తురు ఆగిపోతా ఉంటే కాలు బిగుసుకుపోక ఏం చేసుద్ది? రా, మళ్ళీ కూర్చో!"

తర్వాత ఆ ఇంట్లో జరిగింది చూసినవాళ్ళకి పిచ్చిలాగే కనిపించి ఉంటుంది. ఆరడుగుల మనిషి దూదికుప్పలో కూర్చున్నాడు. కాళ్ళ దగ్గర మూడు ఇటుకలు, క్లచ్చి, బ్రేకు, యాక్సిలేటరు. చేతిలో స్టీరింగుకి బదులు మౌలాబీ చేట. "బ్రేకెయ్యి!" అంటే కాలు మార్చాడు. "మలుపు!" అంటే చేట తిప్పాడు. మోకాలికి, చేటకి మధ్య ఎంత చోటుందో మౌలాబీ చెయ్యి పెట్టి కొలిచింది. సరిగ్గా జానెడు. ఆమె ఎగిరి గంతేసింది.

ఇక ఆగలేదు. సీటులో కూరిన దూదంతా పెరికేశారు. స్ప్రింగులు బయట పారేశారు. సీటు అడుగు చెక్కకి సంజీవరావు రంపంతో కిటికీ అంత కంత కోశాడు. మౌలాబీ తన మంచానికున్న నవారు చరచరా విప్పేసి, ఆ కంతకి అడ్డంగా నిలువుగా అల్లి, లాగి కట్టింది. మనిషి బరువుకి నవారు కిందికి సాగి, మూడంగుళాలు నేలకి దగ్గర చేస్తుంది. దాని మీద బొంతలాంటి పలచటి కుట్టు, తొడల కింద మాత్రం దిట్టంగా దూది. వీపు వెనక మెత్త మొత్తం పీకి, అక్కడా నవారే. రెండంగుళాలు వెనక్కి కలిసొచ్చింది. మిగిలిన దూదిని మౌలాబీ తూచి, మూటగట్టి, సాయంత్రం తనే మోసుకుపోయి ఎలీసమ్మ ముందు దించింది.

"వదినా, తీసింది తీసినట్టే తెచ్చా. కావాలంటే తూయించుకో. తీసి మెత్తన చెయ్యడం నా జన్మలో ఇదే మొదలు."

ఎలీసమ్మ మూట వంక, మౌలాబీ ముఖం వంక మార్చి మార్చి చూసింది. "ఇల్లలకగానే పండగ కాదమ్మా. రేపు నువ్వే పక్కన కూర్చుని పోయిరా. ఆయన నొప్పి దాచుకుంటాడు. నువ్వైతే అబద్ధం చెప్పవు," అంది.

శనివారం పొద్దున ఎనిమిదింటికి కారు కదిలింది. మౌలాబీ జన్మలో బస్సు తప్ప ఎక్కలేదు. టాపు తీసేశారు. గాలి ముఖానికి కొడుతుంటే కొంగు నోట కరుచుకుని, ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను సంజీవరావు మోకాలి మీద పెట్టి కూర్చుంది. నల్లరేగడిలో ఆఖరి కోత పత్తి తెల్లగా, కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా వెనక్కి పరుగులు తీశాయి. పది మైళ్ళయ్యాయి.

"తిమ్మిరా అన్నా?"

"లేదు."

ఇంకొల్లు దాటారు. పొగాకు కాల్చే బ్యారన్ల వాసన వచ్చింది. ఇరవై మైళ్ళు.

"తిమ్మిరా?"

"లేదంటే!"

ఒంగోలు దాటి పెద్దరోడ్డెక్కాక సంజీవరావు ఒక్కసారిగా కాలు నొక్కాడు. కారు గొంతు మారింది. లారీలు ఒక్కొక్కటే వెనకబడ్డాయి. టంగుటూరు దగ్గర అడ్డం వచ్చిన గేదెని చూసి మౌలాబీ కెవ్వుమనేలోపే ఆయన కాలు బ్రేకు మీద ఉంది. కారు నిలిచింది, గేదె తాపీగా తోక ఊపుకుంటూ పోయింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. సింగరాయకొండ బడిలో టీచరుగా పనిచేసే కూతురు రెబ్కా, నాన్న కారులోంచి ఒక్క ఊపున దిగి వరండా దాకా చకచకా నడిచి రావడం చూసి, చేతిలో సుద్దముక్క జారవిడిచింది. మజ్జిగ తాగారు, అన్నం తిన్నారు, తిరుగుదారి పట్టారు.

వచ్చేటప్పుడు సంజీవరావు నోరు మెదపలేదు. నొప్పి దాచుకుంటున్నాడేమోనని మౌలాబీకి గుబులు పట్టుకుంది. అడిగితే తల అడ్డంగా ఊపాడు.

అయిదింటికి కారు ఆసుపత్రి క్వార్టర్ల ముందు ఆగింది. ఎలీసమ్మ మెట్ల మీద చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఇరుగూ పొరుగూ కూడా ఉన్నారు. మౌలాబీ ముందే దూకి, "వదినా, నూరు మైళ్ళు! ఒక్కసారి కూడా కాలు పట్టలా!" అని అరుస్తూ పరుగెత్తి, వెనక్కి తిరిగి చూసింది.

సంజీవరావు దిగలేదు. ఇంజను ఆపాడు. చేతులు స్టీరింగు మీద అలాగే ఉన్నాయి.

"దిగన్నా!" అంది మౌలాబీ. ఆయన కదలలేదు. నూరు మైళ్ళు వచ్చి ఆఖరి నాలుగడుగులకా ఇట్టా అయింది? జనం గుసగుసలు మొదలెట్టారు. గెలిచింది ఎలీసమ్మే, కానీ ఆమె ముఖంలో గెలుపు కనపడలేదు. గబగబా మెట్లు దిగి, కారు దగ్గరికి వచ్చి, నర్సు చేతులతో ఆయన మోకాలు పట్టుకుంది.

"తిమ్మిరెక్కిందా? నొప్పా? చెప్పవయ్యా!"

"లేదు." సంజీవరావు కుడికాలు ఎత్తి చూపించాడు, దించాడు. ఎడమకాలు ఎత్తి చూపించాడు. "రెండూ బాగానే ఉన్నాయి."

"మరి దిగవేం?"

ఆయన స్టీరింగుని అరచేత్తో నిమిరాడు. "ఇరవై రెండేళ్ళు ఈ సీటు నేనే తుడిచా ఎలీసమ్మా. దొరగారు నాకిచ్చి ఆరేళ్ళయింది. కూర్చున్న ప్రతిసారీ పరాయి కుర్చీలో కూర్చున్నట్టే ఉండేది. ఎవరో వచ్చి లెమ్మంటారేమో అన్నట్టు. ఇయ్యాల లెమ్మనేవాళ్ళు ఎవరూ లేరనిపించింది. ఇంకాసేపు కూర్చోనీ."

మౌలాబీ కళ్ళు తుడుచుకుని, ముక్కు ఎగబీల్చింది. ఎలీసమ్మ మొగుడి మోకాలు వదిలేసింది. తర్వాత కారు చుట్టూ తిరిగి వచ్చి, రెండో పక్క తలుపు తీసి, కుచ్చిళ్ళు సర్దుకుని, ఆరేళ్ళలో మొదటిసారి ఆ కారులో కూర్చుంది.

"పోనీ," అంది.

"ఎక్కడికి?"

"ఒంగోలుకి. ఆ పొగాకాయన సోమవారం పనులన్నీ మానుకుని వస్తాడు పాపం, రావద్దని చెప్పొద్దూ?"